మిగిలిన థాంక్స్‌గివింగ్ టర్కీతో ఇంటిల్లిపాదికీ వంటలు: గురువారం రాత్రి నుంచి కనుమ దాకా

నవంబర్ నాలుగో గురువారం రాత్రి చుట్టాలూ స్నేహితులూ వెళ్లిపోయాక వంటగదిలో పెద్ద అల్యూమినియం ట్రే ఒకటి మిగులుతుంది. అందులో సగం కోసిన టర్కీ. అమెరికాలో ఉంటున్న చాలా తెలుగు ఇళ్లలో టర్కీ పిల్లల వల్లే మొదలైంది. స్కూల్లో అందరూ దాని గురించే చెప్పుకుంటారు, మనింట్లో ఎందుకు చేయరని అడుగుతారు, మనం చేస్తాం. పదిమంది వస్తున్నారని 14 పౌండ్ల పక్షిని తెస్తాం. కానీ ఆ పూట టేబుల్ మీద బిర్యానీ, గుత్తివంకాయ, పులిహోర కూడా ఉంటాయి కదా, తలా రెండు ముక్కలు తిని ఆపేస్తారు. మా ఇంట్లో ఏటా మూడు నాలుగు పౌండ్ల మాంసం మిగులుతుంది.

మొదటి ఏడాది దాన్ని పచ్చి చికెన్ లాగే వండాను. ఉల్లిపాయలు వేగాక ముక్కలు వేసి, మసాలా పట్టాలని మూతపెట్టి 25 నిమిషాలు ఉడికించాను. ముక్కలు కొబ్బరి పీచులా తయారయ్యాయి. పిల్లలు కంచం అంచుకు నెట్టేశారు. అప్పుడు మా దగ్గరే ఉన్న మా అత్తయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా అన్నారు: "ఉడికినదాన్ని మళ్లీ ఎందుకు ఉడికించావమ్మా? కూర ఉడకాలి, ముక్క వేడెక్కితే చాలు."

కింద చెప్పే వంటలన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి. మసాలాను పూర్తిగా, ఓపిగ్గా వండుకోవాలి. టర్కీని చివర్లో వేసి పొగలు వచ్చేలా వేడి చేసి దించాలి. మనకు అలవాటైన పద్ధతికి ఇది తలకిందులు. మన కూరల్లో మాంసం ముందు పడుతుంది, దాని రసం కూరలోకి దిగుతుంది. ఇక్కడ ఆ రసం ఓవెన్‌లోనే పోయింది. కాబట్టి కూరకు రుచి వేరే చోటు నుంచి తేవాలి. అది ఎముకల నుంచి వస్తుంది.

ఇంకో సంగతి. టర్కీలో రెండు రకాల మాంసం ఉంటుంది. ఛాతీ భాగం తెల్లగా ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ. ఒకసారి ఓవెన్‌లో కాలినప్పుడే దాని నీరు కొంత పోతుంది. రెండోసారి ఎక్కువసేపు వేడి తగిలితే మిగిలిన తడి కూడా పోతుంది. కాళ్లు, తొడల మాంసం ముదురు రంగులో ఉంటుంది. అందులో కొవ్వూ, జిగురుగా మారే కండర పొరలూ ఎక్కువ, అందుకే కూరలో కాసేపు ఉన్నా మెత్తగానే ఉంటుంది. ముదురు మాంసం కూరకూ వేపుడుకూ, తెల్ల మాంసం పులావ్‌కూ కట్లెట్‌కూ కీమాకూ అని ముందే అనుకుంటే సగం పని అయినట్టే.

గురువారం రాత్రే చేయాల్సిన పని

ఎంత అలసటగా ఉన్నా ఇది తెల్లారేదాకా ఆపకండి. టర్కీ ఓవెన్ నుంచి బయటికి వచ్చాక 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. భోజనాలు ముగిసినప్పటి నుంచి కాదు, ఓవెన్ నుంచి తీసినప్పటి నుంచి లెక్క. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విత్తు రూపంలో వంట వేడిని కూడా తట్టుకుంటుంది. పెద్ద పక్షి, పెద్ద గిన్నెడు గ్రేవీ మెల్లగా చల్లారుతుంటే అది మళ్లీ మొలకెత్తి పెరుగుతుంది. దీనివల్ల వచ్చే కడుపు నొప్పులు, విరేచనాలు నవంబర్, డిసెంబర్ నెలల్లోనే ఎక్కువగా బయటపడతాయి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త తప్పదు. గరాజ్‌లో చలిగానే ఉంది కదా అని ట్రేని అక్కడ పెట్టడం కూడా మంచిది కాదు, అక్కడి చలి రాత్రంతా ఒకేలా ఉండదు.

వరుసగా ఇలా చేయండి:

1. పక్షి లోపల స్టఫింగ్ కూరి ఉంటే మొత్తం బయటికి తీసి వేరే డబ్బాలో పెట్టండి.

2. చర్మం ఒలిచేయండి. దాని కింద సేజ్, రోజ్‌మేరీ ఆకులు పూసి ఉంటే ముక్కల్ని పేపర్ టవల్‌తో తుడవండి. సేజ్ వాసనకూ కరివేపాకుకూ పొసగదు, నేను చాలాసార్లు చూశాను. మన మసాలా పట్టించి కాల్చిన టర్కీ అయితే ఈ పని అక్కర్లేదు, కూరలో మసాలా సగానికి తగ్గిస్తే చాలు.

3. ఛాతీ మాంసాన్ని ఎముక నుంచి విడదీసి అంగుళం మందాన ముక్కలు కోయండి. మరీ సన్నగా చీల్చకండి, ఎండిపోతుంది. పైన నాలుగైదు గరిటెల గ్రేవీ పోయండి. వండిన మాంసానికి రెండో రోజు ఒక పాత వాసన వస్తుంది. కొవ్వుకు గాలి తగలడం వల్ల వచ్చే వాసన అది. పైన తడి ఉంటే తగ్గుతుంది.

4. కాళ్లు, తొడలు, రెక్కల మాంసం చేత్తో ఒలిచి వేరే డబ్బాలో పెట్టండి.

5. డబ్బాలు లోతు తక్కువగా, రెండంగుళాలు మించకుండా ఉండాలి. అప్పుడే లోపలిదాకా త్వరగా చల్లారుతుంది. కొద్దిగా వెచ్చగా ఉన్నా నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేయవచ్చు. ఫ్రిజ్ 40 డిగ్రీల కంటే తక్కువలో ఉండాలి.

6. ఎముకలన్నీ ఒక గిన్నెలో వేసి అదీ ఫ్రిజ్‌లో పెట్టండి. వాటిని పారేస్తే మిగతా వంటలన్నీ చప్పబడతాయి.

ఫ్రిజ్‌లో పెట్టిన టర్కీ 3 నుంచి 4 రోజులు ఆగుతుంది. అంటే సోమవారం రాత్రితో ఆఖరు. ఇక్కడ మన ఇళ్ల లెక్క ఒకటి ఉంది. శనివారం చాలామందిమి మాంసం ముట్టం. అంటే చేతిలో ఉన్నవి శుక్రవారం, ఆదివారం, సోమవారం మాత్రమే. మూడు రోజుల్లో నలుగురు తినగలిగింది ఎంతో ఆ రాత్రే చూసుకుని, మిగతాది ఆ రాత్రే ఫ్రీజర్‌లో పెట్టేయాలి. సోమవారం దాకా చూసి, మిగిలితే అప్పుడు ఫ్రీజ్ చేద్దామనుకుంటే రుచి సగం పోతుంది.

కార్తీక మాసం కూడా అడ్డం వస్తుంటుంది. 2024లో థాంక్స్‌గివింగ్ నవంబర్ 28న వచ్చింది, కార్తీకం డిసెంబర్ 1 దాకా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు కార్తీకం చేస్తుంటే, పిల్లలకు ఆ పూట పెట్టినా మిగిలిందంతా ఫ్రీజర్‌కు పంపేసి, పోలి పాడ్యమి దాటాక తీయండి. వాళ్లకు మనసులో ఏ ఇబ్బందీ లేకుండా ఉంటుంది, మాంసమూ పాడవదు.

ముందుగా ఎముకల రసం

శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ దీన్ని పొయ్యి మీద పెట్టేయండి. తెలంగాణలో బొక్కల చారు, కోస్తాలో బొమికల పులుసు తిన్నవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు.

ఎముకల గూడును రెండు మూడు ముక్కలుగా విరవండి. ఇన్‌స్టంట్ పాట్‌లో వేసి, తొక్కతో సహా సగానికి కోసిన ఉల్లిపాయ, చితక్కొట్టిన అంగుళం అల్లం ముక్క, పది మిరియాలు, చిన్న దాల్చిన చెక్క, కొత్తిమీర కాడలు వేయండి. ఎముకలు మునిగేదాకా నీళ్లు పోయండి, పాత్రలో మూడింట రెండు వంతుల గీత మాత్రం దాటకూడదు. ఉప్పు వేయకండి. దుకాణంలో దొరికే టర్కీలకు చాలావాటికి ముందే ఉప్పు నీళ్లు ఎక్కించి అమ్ముతారు, కవరు మీద రాసి ఉంటుంది. మనం మళ్లీ ఉప్పు నీళ్లలో నానబెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే ఈ వంటలన్నిటిలో ఉప్పు చివర్లో, రుచి చూశాకే.

హై ప్రెజర్‌లో 50 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే దిగనివ్వండి. మామూలు గిన్నెలో అయితే సన్న సెగ మీద 3 గంటలు. వడకట్టాక రెండు మూడు చిన్న స్టీలు గిన్నెల్లోకి పంచి, సింక్‌లో ఐసు నీళ్లు నింపి అందులో కూర్చోబెట్టి గరిటెతో కలుపుతూ ఉంటే అరగంటలో చల్లబడుతుంది. పెద్ద గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో వేడి గంటల తరబడి ఆగిపోతుంది. ఫ్రిజ్‌లో గడ్డ పెరుగులా బిగుసుకుందంటే రసం బాగా దిగినట్టు. పైన తేలిన కొవ్వును తీసి ఒక చిన్న గిన్నెలో దాచండి, వేపుడుకు నూనెతో కలిపి వాడితే రుచి ఎంతో బాగుంటుంది.

శుక్రవారం: మిరియాల చారు, ముదురు మాంసం వేపుడు

ముందు రోజు భారీగా తిన్న కడుపుకు చారు అన్నం హాయిగా ఉంటుంది. నాలుగు కప్పుల ఎముకల రసంలో ఒక టమాటా నలిపి వేసి, పావు చెంచా పసుపు, ఉసిరికాయంత చింతపండు పులుసు పోసి మరగనివ్వండి. ఒక టీస్పూన్ మిరియాలు, ఒక టీస్పూన్ జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి వేయండి. పది నిమిషాలు మరిగాక సన్నగా చీల్చిన టర్కీ ఒక కప్పు వేసి, మళ్లీ బాగా మరుగు రాగానే ఉప్పు చూసుకుని దించేయండి. నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. ఇది జలుబు చేసిన పిల్లలకు కూడా మంచిది. మా చిన్నవాడు గ్లాసులో పోయించుకుని తాగుతాడు.

పక్కన వేపుడు. నలుగురికి మూడు కప్పుల ముదురు మాంసం తీసుకోండి.

1. వెడల్పాటి మూకుడులో మూడు టేబుల్‌స్పూన్ల నూనె, దాచిన కొవ్వు ఉంటే ఒక చెంచా కలిపి వేడి చేయండి. నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క వేయండి. లవంగం ఆ పాత వాసనను బాగా అణుస్తుంది, మానకండి.

2. సన్నగా తరిగిన రెండు పెద్ద ఉల్లిపాయలు, చీల్చిన నాలుగు పచ్చిమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు వేసి మధ్యస్థం సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు వేయించండి. ఉల్లిపాయలు తేనె రంగు దాటి ఎర్రబడాలి. ఈ వేపుడు రుచంతా ఇక్కడే ఉంది. తొందరపడితే తర్వాత సరిచేయలేం.

3. ఒక టేబుల్‌స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోయేదాకా, అంటే రెండు నిమిషాలు వేయించండి. చెంచాన్నర కారం, రెండు చెంచాల ధనియాల పొడి, పావు చెంచా పసుపు వేసి వెంటనే పావు కప్పు ఎముకల రసం పోయండి. మసాలా మాడదు, ముక్కలకు పట్టడానికి తడి ఉంటుంది.

4. నూనె పైకి తేలాక ముక్కలు వేసి, పెద్ద సెగ మీద 4 నిమిషాలు, అట్లకాడతో కింద నుంచి తిప్పుతూ వేయించండి. ముక్కలన్నీ పొగలు కక్కుతూ వేడెక్కాలి.

5. అర చెంచా గరం మసాలా, ఒక చెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చల్లి, స్టవ్ ఆపి సగం నిమ్మచెక్క పిండండి.

పక్షి నుంచి ఒలిచిన చర్మాన్ని సన్నగా కోసి పొడి పెనం మీద చిన్న సెగన కరకరలాడేదాకా వేయించి ఈ వేపుడు మీద చల్లితే పిల్లలు ముందు దాన్నే ఏరుకుంటారు.

వేడి చేయడం గురించి ఒకమాట ఇక్కడే చెబుతాను. మిగిలిన మాంసాన్ని ఏ రూపంలో వండినా లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్, చేరాలి. టర్కీ కాల్చినప్పుడు గుచ్చిన థర్మామీటర్ ఇంట్లోనే ఉంటుంది, దాన్నే వాడండి. గ్రేవీ అయితే తెర్లేలా మరగాలి. ఫ్రిజ్ నుంచి ఆ పూటకు కావలసినంతే తీసి వేడి చేయండి, డబ్బా మొత్తం వేడి చేసి మళ్లీ లోపల పెట్టడం వద్దు.

శనివారం: క్రాన్‌బెర్రీ పని

శనివారం టర్కీకి సెలవు. కానీ గురువారం కోసం కొన్న క్రాన్‌బెర్రీలు మిగిలే ఉంటాయి. పుల్లగా, కొద్దిగా వగరుగా ఉండే ఈ పండు మన పచ్చి మామిడికి, చింతకాయకు చుట్టం లాంటిది. ఇక్కడి తెలుగువాళ్లు దీంతో పప్పు, పులిహోర, పచ్చడి అన్నీ చేస్తారు.

పప్పుకు ఒక కప్పు కందిపప్పు, ఒక కప్పు పండ్లు సరిపోతాయి. రెండూ కలిపి కుక్కర్‌లో పెట్టకండి, పులుపు తగిలితే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. పప్పు విడిగా ఉడికించి, పండ్లను పోపులో పచ్చిమిర్చితో మగ్గించి కలపండి.

పచ్చడి మాత్రం తప్పకుండా చేయండి, ఆదివారం కట్లెట్లలోకి కావాలి. 12 ఔన్సుల సంచి ఒకటి తీసుకోండి. రెండు చెంచాల నూనెలో పావు చెంచా మెంతులు, చెంచా ఆవాలు, పది ఎండుమిర్చి వేయించి పక్కన పెట్టండి. అదే మూకుడులో పండ్లు వేసి మూతపెడితే ఐదారు నిమిషాల్లో టపటపా పగిలి మెత్తబడతాయి. చల్లారాక ఎండుమిర్చి పోపు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, చిన్న బెల్లం ముక్కతో రుబ్బి, పైన ఇంగువ పోపు పెట్టండి. చింతపండు అక్కర్లేదు. ఫ్రిజ్‌లో వారం నిలవ ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం: తెల్ల మాంసం పులావ్

ఛాతీ మాంసానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. అన్నం ఎముకల రసంలో ఉడుకుతుంది, ముక్క మాత్రం చివరి పది నిమిషాలు అన్నం ఆవిరిలో ఉంటుంది. బిర్యానీ చేద్దామని చాలామంది అంటారు, నేను వద్దంటాను. పచ్చి మాంసం దమ్‌లో ఊరి, ఉడికి, తన రసాన్ని అన్నానికి ఇచ్చినప్పుడే అది బిర్యానీ. ఉడికిన టర్కీ అది చేయలేదు. పులావ్‌లో ఆ లోటు తెలియదు.

నలుగురైదుగురికి రెండు కప్పుల బాస్మతి బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. ఈలోపు మూడు కప్పుల తెల్ల మాంసాన్ని అంగుళంన్నర ముక్కలుగా కోయండి. చిన్న గిన్నెలో అర కప్పు ఎముకల రసం, చెంచా నెయ్యి, కొద్దిగా మిరియాల పొడి, గుప్పెడు పుదీనా వేసి మరిగించి, ముక్కలు వేసి మూతపెట్టి సన్న సెగ మీద పొగలు వచ్చేదాకా వేడి చేసి, మూత తీయకుండా ఉంచండి. ఈ పని తప్పనిసరి. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి ముక్కల్ని నేరుగా అన్నం మీద పెడితే దమ్ వేడి వాటికి చాలదు, పైగా అన్నం చల్లారిపోతుంది.

తర్వాత మందపాటి గిన్నెలో మూడు చెంచాల నెయ్యి, నూనె కలిపి వేడి చేసి బిర్యానీ ఆకు, ఐదు లవంగాలు, మూడు యాలకులు, దాల్చిన చెక్క, షాజీరా వేయండి. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి సగం పక్కకు తీయండి. మిగతా సగంలో అల్లం వెల్లుల్లి ముద్ద చెంచాన్నర, ఆరు పచ్చిమిర్చి, పుదీనా కొత్తిమీర చెరో గుప్పెడు, చిలికిన పెరుగు పావు కప్పు వేసి నూనె తేలేదాకా వేయించండి. మూడు కప్పుల ఎముకల రసం పోసి, మరిగాక రుచి చూడండి. రసం కొంచెం ఉప్పగా అనిపిస్తే అన్నానికి సరిపోతుంది. వడకట్టిన బియ్యం వేసి, పెద్ద సెగ మీద పైన నీరు కనబడకుండా ఇగిరేదాకా, సుమారు 7 నిమిషాలు, ఉడికించండి.

ఇప్పుడు సెగ పూర్తిగా తగ్గించి, వేడి ముక్కల్ని వాటి రసంతో సహా అన్నం మీద పరచండి. పక్కన పెట్టిన ఉల్లిపాయలు చల్లండి. గిన్నె కింద పెనం పెట్టి, ఫాయిల్ బిగించి మూత పెట్టండి. పది నిమిషాలు దమ్, స్టవ్ ఆపాక ఇంకో పది నిమిషాలు అలాగే. మూత తీశాక కలిపేయకండి, అంచు నుంచి గరిటె దింపి పొరలు పొరలుగా వడ్డించండి. ఉల్లిపాయ పెరుగు పచ్చడి పక్కన ఉంటే చాలు, ఇంకే కూరా అక్కర్లేదు.

ఆదివారం సాయంత్రం: కట్లెట్లు, లేదా కీమా దోశ

గురువారం చేసిన మ్యాష్డ్ పొటాటో డబ్బా ఒకటి ఫ్రిజ్ మూలన ఉంటుంది. కట్లెట్‌కు అది అచ్చంగా సరిపోతుంది. కాకపోతే అందులో వెన్న, పాలు ఉంటాయి కాబట్టి వదులుగా ఉంటుంది, బైండింగ్ కావాలి. రెండు కప్పుల సన్నగా తరిగిన తెల్ల మాంసం, కప్పున్నర ఆలూ, ముప్పావు కప్పు బ్రెడ్ పొడి (మిగిలిన డిన్నర్ రోల్స్ టోస్ట్ చేసి మిక్సీ పట్టండి), సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, చెంచా గరం మసాలా, అర చెంచా కారం కలిపి 12 బిళ్లలు చేయండి. అరగంట ఫ్రిజ్‌లో పెడితే పెనం మీద విరగవు. గిలకొట్టిన గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించి, తక్కువ నూనెలో ఒక్కో వైపు నాలుగు నిమిషాలు మధ్యస్థం సెగ మీద కాల్చండి. సెగ పెద్దదైతే పైన ఎర్రబడి లోపల చల్లగా ఉండిపోతుంది. శనివారం చేసిన క్రాన్‌బెర్రీ పచ్చడితో తినండి. టర్కీ, క్రాన్‌బెర్రీ జంట అమెరికా వాళ్లది, పచ్చడి మనది.

దోశ పిండి ఉన్నవాళ్లకు ఇంకా తేలిక. రెండు కప్పుల తెల్ల మాంసాన్ని మిక్సీలో నాలుగైదుసార్లు ఆపి ఆపి తిప్పితే కీమా అవుతుంది, ఏకబిగిన తిప్పితే ముద్దవుతుంది. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, పచ్చి బఠాణీ వేయించి, కారం, ధనియాల పొడి వేసి, కీమాతో పాటు పావు కప్పు ఎముకల రసం పోయండి. తడి ఆరిపోయేలోపే, అంటే మూడు నాలుగు నిమిషాలకే, దించేయండి. దోశ మీద గుడ్డు కొట్టి పరిచి, పైన ఈ కీమా చల్లి కాల్చండి.

కారం తినని పిల్లలకు ఎముకల రసంలో క్యారెట్, సెలరీ, ఎగ్ నూడుల్స్ ఉడికించి, చివర్లో చీల్చిన టర్కీ వేస్తే 20 నిమిషాల్లో సూప్ తయారు.

సోమవారం లంచ్ బాక్స్

మిగిలిన తెల్ల మాంసంలో ఆ పొద్దున కావలసినంత తీసి పైన చెప్పినట్టే కీమా చేసి, టోర్టిల్లాను పలచటి చీజ్ ముక్కతో పెనం మీద రెండు వైపులా కాల్చి, ఫాయిల్‌లో చుట్టండి. కీమా స్కూల్లో మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉండకూడదు, అది బ్యాక్టీరియాకు ఇష్టమైన వేడి. ఫ్లాస్క్‌లో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి పారబోసి, పొగలు కక్కుతున్న కీమా అందులో పెట్టి టోర్టిల్లా విడిగా ఇవ్వండి. లేదంటే చల్లటి టర్కీ శాండ్‌విచ్ చేసి ఐస్ ప్యాక్ పెట్టండి. రెండిట్లో ఏదో ఒకటి, మధ్యరకం వద్దు.

ఆ రాత్రికి ఫ్రిజ్‌లో ఇంకా టర్కీ ఉంటే వాసన చూసి బాగానే ఉందని దాచుకోకండి. ఈ బ్యాక్టీరియా వాసనతో తెలియదు. ఇంకోమాట. మిగిలిన టర్కీతో చికెన్ పచ్చడిలా నిలవ పచ్చడి పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఒకసారి వండి, చల్లారి, నాలుగైదు చేతులు మారిన మాంసాన్ని నూనెలో ముంచి బయట పెట్టడం ప్రమాదం. నిలవ కావాలంటే దారి ఫ్రీజరే.

ఫ్రీజర్ సంచులు

గురువారం రాత్రి పక్కకు తీసినదాన్ని రెండేసి కప్పుల చొప్పున జిప్ సంచుల్లో నింపండి. తెల్లది, ముదురుది వేరువేరుగా. ఒక్కో సంచిలో అర కప్పు చల్లటి గ్రేవీ గానీ దుకాణంలో దొరికే బ్రాత్ గానీ పోయండి, మంచు పట్టి ఎండిపోకుండా కాపాడుతుంది. గాలి నొక్కేసి, పుస్తకంలా చదునుగా పరచి, తేదీ రాసి 0 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టండి. పాడవడం అంటూ ఉండదు కానీ రుచి రెండు మూడు నెలలు దాటితే తగ్గుతుంది. ఎముకల రసాన్ని మఫిన్ ట్రేలో గడ్డకట్టించి సంచిలో వేసుకుంటే ఏ కూరకైనా ఒకటి రెండు గడ్డలు తీసి వేయవచ్చు. వాడే ముందు రోజు రాత్రి సంచిని ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, కౌంటర్ మీద కరగనివ్వకండి.

ఎండాకాలంలో పెరట్లో కాసిన గోంగూర ఫ్రీజర్‌లో ఉంటే ముదురు మాంసానికి అది మంచి జోడు. గోంగూరను పచ్చిమిర్చితో మగ్గించి మెదిపి, బాగా వేగిన ఉల్లిపాయ మసాలాలో కలిపి, నూనె తేలాక ముక్కలు వేసి ఐదు నిమిషాలు. పులుపు టర్కీ కొవ్వును విరిచేస్తుంది.

ఒక సంచి ముదురు మాంసం మాత్రం నేను కనుమ కోసం ఆపుతాను. థాంక్స్‌గివింగ్ నుంచి సంక్రాంతికి ఏడెనిమిది వారాలే. రెండు చెంచాల గసగసాలు నానబెట్టి, పావు కప్పు పచ్చి కొబ్బరి, నాలుగు జీడిపప్పులతో మెత్తగా రుబ్బుతాను. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, రెండు టమాటాలు వేసి నూనె తేలేదాకా మగ్గించి, రుబ్బిన ముద్ద, రెండు కప్పుల ఎముకల రసం పోసి పావుగంట ఉడికిస్తాను. గ్రేవీ చిక్కబడి గరిటెకు అంటుకుంటున్నప్పుడు టర్కీ వేసి, అంతా కుతకుతలాడాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచి, గరం మసాలా, కొత్తిమీర చల్లి దించుతాను. ఈలోపు పక్క పొయ్యి మీద మా అత్తయ్య మినప గారెలు వేస్తుంటారు. పిల్లలు మూకుడు దగ్గరే నిలబడి, వేడి గారె తుంచి కూరలో ముంచుకుని తింటారు.